ముందు సీటు యజమానిది

మా వ్యాన్‌లో ముందు సీటు మీద తెల్ల తువ్వాలు పరిచి ఉంటుంది. దాని మీదుగా బెల్టు లాగి బిగించి ఉంటుంది. సీట్లో మాత్రం ఎవరూ ఉండరు. వెనకేమో కుట్టు ఫ్యాక్టరీకి వెళ్లే ఆడవాళ్లం అందరం ఒకరి మోచెయ్యి ఇంకొకరి నోట్లో, ఒకరి భోజనం డబ్బా ఇంకొకరి వీపులో పెట్టుకుని కూర్చుంటాం. ఒకసారి దిగి చూసుకుంటే నా కాలికి పక్కావిడ చెప్పు ఉంది, ఆవిడ జడలో నా దువ్వెన ఉంది. అబద్ధమైతే నా నాలుక ఊడి కిందపడాలి.

"అన్నా, ఆ ముందు సీట్లో ఒకరం కూర్చుంటాం" అని ఎవరైనా అంటే చాలు, డ్రైవర్ విరుచుకుపడతాడు.

"అది ఖాళీ సీటు కాదు! యజమాని ఉన్నాడక్కడ!"

యజమాని అంటే ప్రభువు. డ్రైవర్ అంటే మా హారన్. అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది, దాన్ని పెళ్లినాడు ఒకసారి చదివారు, మళ్లీ ఎవరూ వాడలేదు. వ్యాన్‌కున్న అసలు హారన్ పాడైపోయి ఎంతో కాలమైంది. బాగు చేయించడు. ఆ గొంతు ఉండగా దేనికి? కిటికీలోంచి తల బయటపెట్టి "జరుగూ!" అన్నాడంటే ముందున్న లారీ జరుగుతుంది. లారీ పక్కనున్న గోడ కూడా, జరగాలా వద్దా అని కాసేపు ఆలోచిస్తుంది.

ఈ వ్యాన్ మొదట వాళ్ల అన్నది. అన్న మెత్తని మనిషి. మేం చిల్లర కబుర్లు చెప్పుకుంటుంటే అద్దంలోంచి చూసి నవ్వేవాడు. ఒకసారి బ్రేకులు బాగోలేవని వీధి చివర షెడ్డులో ఇచ్చాడు. మెకానిక్ విప్పాడు, బిగించాడు, ఇచ్చేశాడు. మర్నాడు పాత వంతెన దిగే చోట బ్రేకు తొక్కితే గాలిని తొక్కినట్టు కాలు కిందికి పోయింది. ఎదురుగా బస్‌స్టాపు, నిండా జనం. అన్న స్టీరింగ్ గోడ వైపు తిప్పేశాడు. వెనకున్న మాకు దెబ్బలు తగిలాయి, మానాయి. అతను మాత్రం గోడ దగ్గరే పోయాడు. మెకానిక్ పోలీసుల ముందు, "బండి ఇవాళ తియ్యొద్దని చెప్పాను, వినకుండా తీసుకెళ్లాడు" అన్నాడు. అది విని వాళ్ల తల్లి పెట్టిన శాపనార్థాలకు షెడ్డు రేకులు కాలిపోవాల్సింది. ఎందుకు కాలలేదో నాకిప్పటికీ అర్థం కాదు.

ఆ తర్వాత హారన్ తాగాడు. తాగటమంటే అలా ఇలా కాదు, సారా కొట్టువాడు ఇతన్ని చూసుకుని మేడ మీద మేడ వేసుకున్నాడు. చివరికి ఆ తల్లే చెయ్యి పట్టి, దాదాపు జుట్టు పట్టి, మందిరానికి ఈడ్చుకెళ్లింది. మా పాస్టర్‌గారు వారమంతా తాళంచెవులు చేసుకునే మనిషి, ఆదివారం వాక్యం చెప్తాడు. ఆ రోజు, "నీ బతుకు బండిని ప్రభువు చేతికి ఇచ్చెయ్, ఆయన్ని యజమానిని చేసుకో" అన్నాడు. మాటవరసకు బండి అన్నాడాయన. మా హారన్‌కి వ్యాన్ తప్ప ఇంకో బండి తెలిస్తే కదా! లేచి నిలబడి, మైకు అక్కర్లేకుండా అరిచాడు.

"ఈ రోజు నుంచి నా బండికి యజమాని ఆయనే! నేను డ్రైవర్ని! ముందు సీటు ఆయనది! ఎవర్ని ఎక్కించమంటే వాళ్లని ఎక్కిస్తా. ఒంట్లో బాగోలేనివాళ్లు ఎవరు నా గేటు తట్టినా ఆసుపత్రికి తీసుకెళ్తా. కాదంటే నేను ఆయన మనిషినే కాదు!"

అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది వాళ్లమ్మ. పైకప్పు రేకు లేచి మళ్లీ కూర్చుంది.

అన్నమాట ప్రకారం తాగుడు మానేశాడు. అర్ధరాత్రి ఎవరు గేటు తట్టినా ఆసుపత్రికి తీసుకెళ్లాడు. బూతులు కూడా మానేశాడు. కానీ కోపం ఎక్కడికి పోతుంది? ఎవడైనా అడ్డంగా వస్తే నోరు తెరుస్తాడు, పక్క సీటు వంక చూస్తాడు, "క్షమించండి యజమానిగారూ" అంటాడు, మళ్లీ కిటికీలోంచి తల బయటపెట్టి, మెడ నరాలు తాళ్లలా ఉబ్బేలా, "నువ్వు చల్లగా ఉండరా! నీ పిల్లలు బాగుండాలిరా!" అని గర్జిస్తాడు. బూతు తిడితే ఎదురుతిట్టేవాళ్లు ఈ దీవెనకు మాత్రం వణికిపోయి బండి పక్కకు తీసేస్తారు.

ఒక పోలీసు ఆపి, "ఆ బెల్టు ఎవరికయ్యా పెట్టావ్?" అన్నాడు.

"మా యజమానికి."

"ఎక్కడున్నాడు?"

"మీక్కనపడట్లేదా? అయితే ఆదివారం రండి."

ఆ పోలీసు ఇప్పటికీ మా వ్యాన్‌ని చూస్తే టీ కొట్లోకి దూరిపోతాడు.

హారన్ భార్య కూడా మాతోపాటే ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతుంది. వ్యాన్‌లో ఆవిడ చోటు అన్నిటికంటే వెనక, స్టెప్నీ టైరు మీద. సన్నగా ఉంటుంది కానీ నోరు విప్పితే అది సూది కాదు, గునపం.

"రోజూ ఆ తువ్వాలు ఉతికేది నేనే" అంటుంది మాతో, అతనికి వినపడేలా. "ఒక్కనాడూ మాసిన పాపాన పోలేదు. యజమాని ఆయనట, కూర్చున్నది లేదు లేచింది లేదు. ఏమండీ, మీ యజమాని ఎప్పుడైనా, మీరు ఎడమకి పోదామనుకున్నప్పుడు కుడికి పొమ్మన్నాడా?"

"ఆయనా నేనూ ఎప్పుడూ ఒకటే అనుకుంటాం!"

"ఎంత అదృష్టం! పెళ్లయి ఇన్నేళ్లయింది, మనిద్దరం ఒక్కసారి కూడా ఒకటి అనుకోలేదు."

వ్యాన్ అంతా పకపక. హారన్ మాత్రం పళ్లు నూరుతూ గేరు మార్చేవాడు.

అలా నడుస్తుండగా ఒక పొద్దున హారన్ ఇంటి ముందు మేమందరం ఎక్కి కూర్చున్నాం, అతను ఇంజను తిప్పబోతున్నాడు, మెకానిక్ భార్య వచ్చి గేటు పట్టుకుంది.

ఆ మనిషి ఆ గేటు వైపు చూడటమే మేమెప్పుడూ చూడలేదు.

"తమ్ముడూ" అంది. "మీ బావకి మూత్రపిండాలు పోయాయి. రక్తం శుభ్రం చేయించాలి. వారంలో మాటిమాటికీ తీసుకెళ్లాలట. ఇవాళ వెళ్లకపోతే మనిషి దక్కడన్నారు. ఆటోవాళ్లు ఎక్కించుకోవట్లేదు, దారంతా కక్కుతున్నాడని. నువ్వు ఎవరొచ్చినా కాదనవని…"

"ఎవరే నీకు తమ్ముడు?" లోపలి నుంచి హారన్ తల్లి దూసుకొచ్చింది. చేతిలో తోముతున్న గిన్నె, గిన్నెలో నురగ. "నా పెద్దకొడుకుని పొట్టన పెట్టుకున్నవాడు నీ మొగుడు! ఎవరికి బావ వాడు? ఇన్నాళ్లకు దేవుడు కళ్లు తెరిచాడు. పో! కక్కుకుంటూ నడిచి పొమ్మను!"

మెకానిక్ భార్య కదల్లేదు. హారన్ వంకే చూస్తోంది. అతని ముఖం కాలిన పెనంలా ఉంది.

"బండి నిండిపోయింది" అన్నాడు.

"ముందు ఖాళీగా ఉంది కదా తమ్ముడూ. ఆయన కాళ్లు దుంగల్లా వాచాయి, వెనక ముడుచుకుని కూర్చోలేడు. ముందే కూర్చోవాలి."

"అది ఖాళీ కాదూ!"

ఆ అరుపుకి ఎదురింటి కిటికీ తలుపు దానంతటదే మూసుకుంది. ఇంజను గర్జించింది. అతను వ్యాన్‌ని వీధిలోంచి ఎంత విసురుగా లాగాడంటే నా పొట్ట గేటు దగ్గరే ఉండిపోయింది. తర్వాత వచ్చి కలిసింది.

నిజం చెప్పాలి కదా, మేమూ అతని పక్షమే. "బాగా చెప్పావన్నా" అన్నాం. "వాడికి అలాగే కావాలి" అన్నాం. ఆ గోడ దగ్గర దెబ్బలు తిన్నవాళ్లం, మాకు మాత్రం కడుపు మండదా?

స్టెప్నీ మీంచి ఒక్క గొంతే లేచింది.

"ఏమండీ, యజమానిగారు ఏమన్నారు?"

హారన్ గేరు మార్చాడు.

"అడుగుతున్నాను. బండి ఆయనది, సీటు ఆయనది. ఏమన్నారు?"

"ఏమీ అనలేదు!"

"మీరు అడిగారా?"

హారన్ మెడ ఎర్రబడింది.

"అడగరు. అడిగితే ఏం చెప్తాడో తెలుసు కాబట్టి అడగరు. ఇన్నాళ్లకి మొదటిసారి ఆయన కుడికి పొమ్మన్నాడు, మీరు ఎడమకి పోతున్నారు. ఆయన యజమాని కాదండీ. బెల్టు పెట్టి కట్టేసుకున్న ప్యాసింజరు."

కిర్రుమని బ్రేకు. మేమందరం ఒకరి మీద ఒకరం. నడిరోడ్డు. వెనక బండ్లన్నీ ఒకటే గోల. హారన్ వెనక్కి తిరిగి భార్యని కొడతాడేమో అనుకున్నాం. అతను తిరిగింది పక్క సీటు వైపు.

"నీకు సిగ్గుందా?" అన్నాడు ఖాళీ సీటుతో.

ఎప్పుడూ మీరు, గారు అనే మనిషి నువ్వు అనేశాడు.

"నీ కొడుకుని చంపారు, నువ్వు క్షమించావు, సరే! నీ కొడుకు మూడోనాడు తిరిగొచ్చాడు! మా అన్న వచ్చాడా? నాలుగోనాడు చూశాను. నలభయ్యో నాడు చూశాను. గుమ్మంలో చెప్పుల చప్పుడు వినపడితే మా అమ్మ ఇప్పటికీ లేచి కూర్చుంటుంది! వాణ్ణి తెచ్చి ఇక్కడ కూర్చోబెట్టమంటావా? మా అన్న బండిలో?"

స్టీరింగ్ మీద పిడికిలితో గుద్దాడు. పాడైపోయిన వ్యాన్ హారన్ ఆ దెబ్బకి ఒక్కసారి కీచుమంది. ఎవరం నవ్వలేదు.

ఫ్యాక్టరీకి టైమవుతోంది. అతను వ్యాన్‌ని తిప్పి తాళాల దుకాణం ముందు ఆపాడు. పాస్టర్‌గారు ఆకురాయితో తాళంచెవి పళ్లు రాస్తున్నాడు. హారన్ దిగకుండానే, కిటికీలోంచి, వీధంతా వినేలా జరిగింది చెప్పాడు. పాస్టర్‌గారి ముఖంలో రంగు మారింది. హారన్ తల్లంటే ఆయనకు దేవుడి తర్వాత భయం. కొన్నిసార్లు దేవుడికంటే ముందు.

"చూడు నాయనా" అన్నాడు మెత్తగా. "ఆవేశంలో మొక్కుకున్నావు. నీ పరిస్థితి వేరు. ఇంత గాయం ఉన్నవాణ్ణి ప్రభువు బలవంతపెట్టడు. వాళ్లకి వేరే బండి ఏదైనా చూద్దాంలే. నువ్వు పనికి పో."

అమ్మయ్య, అయిపోయింది అనుకున్నాం. హారన్ కదల్లేదు.

"ఇది ఆయనంటున్నాడా, మీరంటున్నారా?"

పాస్టర్‌గారు తాళంచెవిని వెలుతురుకు పెట్టి చూశాడు. ఇంకోసారి రాశాడు. మళ్లీ చూశాడు.

"నేనే అంటున్నాను" అన్నాడు చివరికి, తల ఎత్తకుండా.

"అయితే నాకొద్దు మీ మాట!" అని హారన్ అరిచాడు. "నన్ను గట్టిగా పట్టుకోవాల్సినవాళ్లు మీరు, మీరే వదిలేస్తే ఎట్లా? చల్లగా ఉండండి!"

ఆ దీవెనకి ఆయన చేతిలోని తాళంచెవి జారి కాలవలో పడింది.

వ్యాన్ వచ్చిన దారినే వెనక్కి మళ్లింది. మెకానిక్ అప్పటికే తన ఇంటి ముందు అరుగు మీద ఉన్నాడు, గోడకు ఆనించిన గోనెసంచిలా. ఒకప్పుడు ఒంటిచేత్తో ఇంజను ఎత్తేవాడు. ఇప్పుడు ముఖం పిండిముద్ద, కాళ్లు దుంగలు, వాటికి చెప్పులు పట్టక గుడ్డలు చుట్టారు. మాకు జాలి వేసింది. జాలి వేసినందుకు కోపం వచ్చింది.

హారన్ ముందు తలుపు తీశాడు. బెల్టు మొండికేసింది, ఊడదు. పళ్లబిగువున లాగి ఊడదీశాడు. ఈలోగా వీధి ఆ చివరి నుంచి తల్లి పరుగున వచ్చింది. ఆ వయసులో ఆ పరుగు, కుక్కలు కూడా దారిచ్చాయి. వచ్చి వ్యాన్ ముందు నిలబడింది.

"నన్ను తొక్కించి పో!"

"అమ్మా, తప్పుకో."

"ఎవడు చెప్పాడురా నీకీ పని?"

"నువ్వే చెప్పావు! చెయ్యి పట్టుకుని మందిరానికి లాక్కెళ్లింది నువ్వు కాదా? ఆయన మాట విను, బాగుపడతావు అన్నది నువ్వు కాదా? విన్నాను! తప్పుకో!"

"ఇది వినమన్లేదురా!" అని ఆవిడ గుండెలు బాదుకుంది. "ఈ ఒక్కటీ వినమన్లేదు!"

కోడలు స్టెప్నీ మీంచి దిగి వెళ్లి అత్త భుజం పట్టుకుంది. ఒక్క గునపం మాట కూడా అనలేదు. "రా అత్తా" అంది, అంతే. పక్కకు తీసుకెళ్లింది. వదిలేసి మళ్లీ వచ్చి ఎక్కింది. అత్త ఒక్క చూపుతో కోడల్ని ఏడుసార్లు చంపింది.

మెకానిక్‌ని ఎత్తి ఎక్కించారు. అతను తువ్వాలు చూసి, "ఇది తీసెయ్యి, పాడైపోతుంది" అన్నాడు.

"కూర్చో!" అన్నాడు హారన్. బెల్టు పెట్టాడు. ఆ పెట్టటం చూస్తే గొంతుకి ఉరి బిగిస్తున్నట్టుంది.

మా బతుకుల్లో మేం నోరు మూసుకుని కూర్చున్నది అదే మొదలు, అదే ఆఖరు. వంతెన ఎక్కాం. దిగే చోటు వచ్చింది. గోడకి ఆ రోజు విరిగిన చోట వేరే రంగు ఇటుకలు పెట్టారు, దూరం నుంచే కనపడతాయి. ఆ ఇటుకల్ని చూసి మెకానిక్ ఊరుకుని ఉంటే బాగుండేది.

"మీ అన్న ఆ సాయంత్రం మళ్లీ వచ్చాడు" అన్నాడు. "బ్రేకు ఇంకా మెత్తగానే ఉంది, ఇంకోసారి చూడు అన్నాడు. నాకు పని ఎక్కువుంది. ఏం కాదు పో అన్నాను. తియ్యొద్దని చెప్పలేదు. పోలీసులకి అబద్ధం చెప్పాను."

వ్యాన్ ఆ ఇటుకల ముందే ఆగింది.

హారన్ దిగాడు. టైరుని తన్నాడు. గోడని తన్నాడు. నోట్లోంచి వచ్చింది మాట కాదు, ఏదో జంతువు అరుపు. వంతెన మీద కాకులన్నీ లేచిపోయాయి. చుట్టూ తిరిగి వచ్చి ముందు తలుపు ఊడొచ్చేలా లాగాడు.

"దిగు!"

మెకానిక్ బెల్టు మీట కోసం తడుముకున్నాడు. వాచిన వేళ్లకి అది అందట్లేదు. "కాస్త నొక్కు తమ్ముడూ, దిగుతాను" అన్నాడు.

హారన్ వంగాడు. మీట మీద వేలు పెట్టాడు. వాళ్లిద్దరి ముఖాలూ ఒకదానికొకటి ఆనుకునేంత దగ్గరయ్యాయి. సరిగ్గా అప్పుడు మెకానిక్‌కి వాంతి వచ్చింది. ఆపుకోలేకపోయాడు. తువ్వాలు మీద, బెల్టు మీద, హారన్ చేతుల మీద.

మేమందరం స్టెప్నీ వైపు చూశాం, ఆవిడ ఏదో ఒకటి అంటుందని. ఆవిడ కళ్లు మూసుకుని ఉంది.

హారన్ అలాగే వంగి ఉండిపోయాడు. వేలు మీట మీదే ఉంది. నొక్కితే అయిపోతుంది.

తర్వాత నిటారుగా లేచాడు. చొక్కాకి చేతులు తుడుచుకున్నాడు.

"ఇది నా సీటైతే నిన్ను ఈ గోడకి కొట్టి ఇక్కడే పారేసేవాణ్ణి" అన్నాడు. "నాది కాదు. దిగమనే హక్కు నాకు లేదు. తెలిసిందా? లేదు!"

తలుపు వేసిన చప్పుడికి గోడలోని ఆ ఇటుకలు ఇంకోసారి అదిరాయి. ఎక్కి కూర్చుని, ఎదర అద్దంలోకి చూస్తూ, "సరే! సరే యజమానిగారూ! పోతున్నా! ఇక చాలా?" అని కేకపెట్టి గేరు వేశాడు. ఆసుపత్రి దాకా దారిలో కనపడిన ప్రతివాణ్ణీ దీవించాడు. పాపం, పక్కనుంచి పోతున్న ఒక ముసలాయన సైకిల్ దిగి చేతులు జోడించాడు.

మాకు ఆ రోజు ఫ్యాక్టరీ గేటు మూసేశారు. సూపర్‌వైజర్ తిట్టిన తిట్లు వేరే కథ.

అప్పట్నుంచి మెకానిక్‌ని ఆసుపత్రికి తీసుకెళ్లే రోజులన్నిట్లో అతను ముందు కూర్చుంటాడు. హారన్ అతనితో ఒక్క మాట మాట్లాడడు. వంతెన దిగేటప్పుడు అతని పిడికిళ్లు స్టీరింగ్ మీద తెల్లబడతాయి. ఒకసారి మాలో ఒకామె ధైర్యం చేసి, "క్షమించేశావా అన్నా?" అంది.

"ఏమో! నాకేం తెలుసు! కోపం పోలేదు, అన్నం తింటుంటే కూడా వస్తుంది. నన్ను నడపమన్నాడు, నడుపుతున్నా. మిగతాది ఆయన పని. మీరు సర్దుకుని కూర్చోండి!"

తువ్వాలు ఇప్పుడు వారంలో మాటిమాటికీ మాసిపోతోంది. భార్య ఉతుకుతూనే ఉంది. ఇన్నాళ్లకి ఆ సీట్లో మనిషి కూర్చున్న గుర్తు కనపడుతోందని ఒకసారి అంది కానీ, ఎవర్ని ఉద్దేశించి అందో మేం అడగలేదు.

తల్లి కొడుకుతో మాట్లాడటం మానేసింది. తన చాప వసారాలోకి మార్చుకుంది. మందిరంలో కూడా అతనికి వీపు పెట్టి కూర్చుంటుంది. అయితే మొన్న పొద్దున మేం ఎక్కుతుంటే ఆవిడ లోపల్నుంచి ప్లాస్టిక్ బకెట్ ఒకటి పట్టుకుని వచ్చింది. ఎవరి వంకా చూడలేదు. ముందు తలుపు తీసి, ఆ బకెట్‌ని సీటు కింద కాళ్ల దగ్గరికి ధడేలుమని విసిరింది.

"కక్కితే ఇందులో కక్కమను" అంది గాల్లోకి. "నా పెద్దోడి బండి అది."

తలుపు కొడుకు కంటే గట్టిగా వేసింది.